ఎవరి పక్కా కాని పైడిరాజు

శారదానదికి గండి పడి చెరకుతోటలు ఇసుకపాలైన ఏడాది అది. నీళ్లు తీశాక చూస్తే చిన్నమ్మలు పొలానికీ, ఆమె మరిది త్రినాధరావు పొలానికీ మధ్య గట్టు లేదు, హద్దురాయీ లేదు. త్రినాధరావు ట్రాక్టరు పెట్టి కొత్త గట్టు వేయించేశాడు. నల్లమట్టి అతని వైపు, ఇసుకమేట ఆమె వైపు. మొగుడు పోయిన మనిషి, ఇసుకలో ఏం పండిస్తుంది?

పాత హద్దు తెలిసినవాడు పక్క పొలం పైడిరాజు ఒక్కడే. ఆ ఊళ్లో హద్దు సాక్ష్యం నోటితో చెబితే చెల్లదు. తడిబట్టలతో, ఆ పొలం మట్టి నెత్తిన పెట్టుకుని నడిచి చూపించాలి. పెద్దలు నడవమన్నారు. పైడిరాజు చెరకు ఏటా ఆడేది త్రినాధరావు గానుగలోనే. ముందురోజు మనవరాలు దివ్య చదివిన పాఠం అతనికి అక్కరకొచ్చింది.

"నాను స్విజ్జర్లేండు లాటోణ్ణి. సుట్టూ పెద్ద దేశాలు కొట్టుకున్నా అది ఎవరి పక్కా సేరదంట. నాలుగు బాసలోళ్లు సక్కగా బతికేత్తన్నారంట."

"ఓర్నాయనో, మామ విమానం ఎక్కీసేడ్రా!" అని అందరూ నవ్వారు.

చిన్నమ్మలు నవ్వలేదు. "నువ్వు నోరు మూసుకుంటే గట్టు మద్దిన ఉంటాదేటి మామా? ఆడు ఏసిన కాడే ఉండిపోద్ది."

సాయంత్రం దివ్య చార్టు మీద ఆ దేశం బొమ్మకు రంగు వేస్తూ, "తాతా, ఇంకా ఉంది ఇను. అక్కడ కొన్ని సోట్ల జనమంతా మైదానంలో నిలబడి, అందరూ సూత్తుండగా సెయ్యెత్తి తమ మాట సెప్తారంట," అంది.

"యుద్దాలకి పోరన్నావు కదే?"

"బయటోళ్ల యుద్దాలకి తాతా. ఇంట్లో మాటకి కాదు."

అన్నం కలిపిన పైడిరాజు చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. ఆ హద్దురాయి పాతినప్పుడు ఒక కొస పట్టుకున్నది చిన్నమ్మలు మొగుడు, రెండో కొస తనే. ఆ రాయి బరువు ఇప్పుడు గుండెల మీద పడ్డట్టుంది. గానుగ కోసం చచ్చినవాడి పెళ్లాన్ని ఇసుకలోకి తోసేశాను అనుకున్నాడు.

తెల్లారింది. పైడిరాజు బోరు కింద కూర్చుని పంచె తడిసేదాకా నీళ్లు పోసుకున్నాడు. గానుగ దగ్గర త్రినాధరావు, "ఏటి మామా, పొద్దుటే తానం?" అన్నాడు. పైడిరాజు కొత్త గట్టు దగ్గరికి నడిచాడు. వంగి దోసెడు నల్లమట్టి తీసి నెత్తిన పెట్టుకున్నాడు. కొత్త గట్టు దాటి, త్రినాధరావు దున్నిన చాళ్ల మధ్యలోంచి తిన్నగా నడిచాడు.