బిరాగో బిగించిన మూత

కుమాసీ మెకానిక్ పేట సుఆమెలో ఏ బస్సు డ్రైవర్‌ని ఆపి వెనక డిఫరెన్షియల్ ఆయిల్ కారుతోంది, ఎక్కడికెళ్లాలని అడిగినా నిన్నమొన్నటిదాకా ఒకటే పేరు చెప్పేవాడు, బిరాగో. ఈమధ్య మాత్రం కాస్త నసిగి, ఆసియామా షెడ్డు కూడా ఉందిలెండి అంటున్నారు. ఆ "కూడా" బిరాగో చెవిన పడింది. పదహారేళ్లుగా ఆడమనిషి ఇక్కడ నెగ్గుకొచ్చిందంటే చేతి పనితనంతోనే. ఆ చేతి మీదే ఇప్పుడు మాట పడింది.

కారణం జుమ్‌ఫో బస్సు. జుమ్‌ఫోకి అరవై దాటాయి, కుమాసీ నుంచి సున్యానీకి పాత జర్మన్ బస్సు నడుపుతాడు. మొదటిసారి వచ్చినప్పుడు తప్పంతా గాస్కెట్‌దే. వెనక యాక్సిల్ మధ్యలో గేర్లుండే డిఫరెన్షియల్ డబ్బాకీ, దాని వెనక మూతకీ మధ్య ఉండాల్సిన ఆ కాగితం అప్పడంలా పొడి అయిపోయింది. బిరాగో మందపాటి కాగితాన్ని మూత మీద పరిచి, అంచు వెంట సుత్తితో టకటకా కొట్టి, బోల్టు బెజ్జాలతో సహా అచ్చు దింపినట్టు కొత్త గాస్కెట్ కోసింది. ఆ విద్య నేర్పింది తవియా మాస్టర్. ఆయన పోయి ఏడాది అయింది.

నెల తిరక్కుండానే బస్సు మళ్లీ కారుతూ వచ్చింది. ఈసారి ఆ డబ్బాతో సహా యాక్సిల్ మొత్తం తెల్లరంగులో మెరిసిపోతోంది. ఇదేమిటి మామా, పెళ్లికి ముస్తాబు చేశావా అని ఎగతాళి చేస్తూనే, కాగితానికి రెండు వైపులా గమ్ము దట్టంగా పట్టించి బిగించింది. పేటలో సందులు పూడ్చే సీలెంటుని అందరూ గమ్మే అంటారు, ఎంత పూస్తే అంత మంచిదని నమ్ముతారు. వారం తిరిగేసరికి ఆ గమ్ము పొంగి, పక్కల నుంచి ఆయిల్ కారింది.

ఇంతలో బస్టాండు ఛైర్మన్ చెరెమె స్టాండులో కొత్తగా సిమెంటు చేయించాడు. దాని మీద మొదటి నల్లమచ్చ జుమ్‌ఫో బస్సుదే. ఛైర్మన్ పెద్దగా అరవలేదు. సోమవారం పొద్దున ఆ బస్సు కింద అట్ట పరుస్తానని, ఒక్క చుక్క పడినా స్టాండులోని ముప్ఫై బస్సులూ ఇకమీదట ఆసియామా దగ్గరికే వెళ్తాయని కబురు పంపాడు. ఆ ముప్ఫై పోతే బిరాగో షెడ్డులో మిగిలేది ఈగలే. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. మాస్టర్‌తోపాటే తన చేతి పనితనం కూడా పోయిందేమోనని.

శుక్రవారం మధ్యాహ్నం జుమ్‌ఫో సున్యానీ నుంచి నేరుగా షెడ్డుకి వచ్చాడు. వేడి బండిని ముట్టుకోకూడదన్నది తవియా మాస్టర్ నియమం. దాని చెమట ఆరేదాకా మనం భోంచేసి రావాలనేవాడు. బిరాగో ఇన్నేళ్లూ అలాగే చేసింది. ఈసారి జుమ్‌ఫో నెత్తిమీద కూర్చుని మొదలెట్టు మొదలెట్టు అని ప్రాణం తీశాడు. ఆవిడకి ఒళ్లు మండి, బస్సు కిందకి దూరి, ఆయిల్ పోసే బిరడాకి స్పానర్ తగిలించి ఒక్క తిప్పు తిప్పింది.

బుస్సుమంటూ గాలి తన్నుకొచ్చి, వేడి ఆయిల్ తుంపర ఆవిడ చెంప మీద పడింది.

బిరాగో చెంప తుడుచుకుంది. యాక్సిల్ వేడెక్కితే లోపలి గాలి ఉబ్బుతుంది. అది బయటికి పోవడానికి పైన బొటనవేలంత గొట్టం ఉంటుంది. గాలి ఇటు తన్నుకొచ్చిందంటే ఆ గొట్టం మూసుకుపోయినట్టే. చల్లారాక ఒత్తిడి ఉండదు కాబట్టి కిందటిసారి తనకి తెలియలేదు. చెయ్యి పైకి పోనిచ్చి తడిమింది. గొట్టం నోటి మీద గోరు కూడా దిగనంత రంగు ఉంది.

"మామా, ఈ రంగు ఎవరు పూశారు?"

"నేనే. చుక్క కారినా తెల్లరంగు మీద కనపడుతుంది కదా. నా బస్సు ఎంత శుభ్రమో ఛైర్మన్ చూడాలని మూడు పూతలు వేయించా."

"దాని ముక్కు కూడా మూసేశావు. ఊపిరాడక నా గాస్కెట్లు చించుకుని బయటపడింది."

బిరాగో బస్సు కిందే వెల్లకిలా పడుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. గుండె మీద నుంచి బండ దించినట్టయింది.

గొట్టం గీకి, ఊది, గాలి ఆడుతోందని చూసుకుంది. కానీ కారే మూతని విప్పి మళ్లీ వేయాలి, ఈసారి సరిగ్గా వేయాలి. గీకి శుభ్రం చేసి చూస్తే అంచుకి ఒక పక్క తుప్పు తిని గుంటలు పడ్డాయి. కాగితం గుంటల్ని పూడ్చలేదు. కాగితమూ గమ్మూ కలిపితే ఆ తడిలో కాగితం జారిపోతుందని కిందటిసారే చూసింది. తను అంత ముచ్చటగా కోసే కాగితాన్ని పక్కన పెట్టాలంటే మనసు చివుక్కుమంది, అయినా పెట్టింది. ఎంటివా విడిభాగాల కొట్టుకి వెళ్లి గమ్ము ట్యూబులు ఒక్కొక్కటే మూత తీసి వాసన చూసింది. పుల్లటి ఘాటు కొట్టేది కిటికీ అద్దాలకి పనికొస్తుంది కానీ ఇనుముకి కాదు. గేర్ ఆయిల్‌కి తట్టుకునే నల్ల ట్యూబు తీసుకుంది. తిరిగొచ్చి పూస్తుంటే పక్క షెడ్డు ఆసియామా వచ్చి, అంత ట్యూబులో అంత పిసరేనా పూసేది, పిసినారిదానా అని వెక్కిరించాడు. ఆవిడ బోల్టు బెజ్జాలకి లోపలి పక్కగా అగ్గిపుల్ల లావున ఎక్కడా తెగకుండా ఒక్క గీత గీసి, మూత పెట్టి, బోల్టులు వేళ్లతోనే తిప్పి, గంట ఆగి, ఎదురెదురుగా బిగించింది. గమ్ము గట్టిపడాలి, రేపు మధ్యాహ్నం దాకా ఆయిల్ పొయ్యనంది.

జుమ్‌ఫో లబలబలాడాడు. శనివారం పొద్దున చుట్టాల ఇంట అంత్యక్రియలకి వెళ్లాలి. ముప్ఫై ఏళ్లుగా బస్సు నడిపే డ్రైవరు సంతాపపు నల్లబట్ట కట్టుకుని ఇంకొకడి బస్సులో ప్యాసింజరులా కూర్చోవాలా అన్నాడు. కూర్చోవాల్సిందే అంది బిరాగో. కూర్చున్నాడు పాపం. శనివారం మధ్యాహ్నం ఆయిల్ పోసింది. ఆదివారం బస్సు సున్యానీ వెళ్లి వచ్చింది.

సోమవారం ఛైర్మన్ అట్ట పరిచి గంటసేపు దాని పక్కనే కుర్చీ వేసుక్కూర్చున్నాడు. డ్రైవర్లంతా చుట్టూ మూగారు. అట్ట లాగి చూస్తే పొడిగా ఉంది. ఆయనకి నమ్మకం చాల్లేదు. అంత లావు మనిషీ వంగి, మూత అంచు చుట్టూ వేలు రాసి చూసుకున్నాడు. దుమ్ము తప్ప ఏమీ అంటలేదు. అప్పుడు జుమ్‌ఫో ఎవరూ అడక్కుండానే, గొట్టం మూసింది తనేనని అందరి ముందూ ఒప్పుకున్నాడు.

ఛైర్మన్ బిరాగో వైపు తిరిగి, ముప్ఫై బస్సులూ నీవే, వరసగా పంపిస్తానన్నాడు. ఆవిడ తల ఊపింది కానీ ఆ మాట సరిగ్గా విన్నట్టు లేదు. నల్లగా మరకలు పడ్డ తన అరచేతులకేసి చూసుకుంటోంది.

"నా చెయ్యి పోలేదు పెద్దాయనా," అంది.

"పోయిందని ఎవరన్నారమ్మా?"

"నేనే అనుకున్నాను," అంది బిరాగో.