చిన్నమ్మమ్మ స్కాన్ బొమ్మ

ఇలా దగ్గరికి జరుగు బంగారం, ఆ ఫోను పక్కన పెట్టు. మీ అక్క ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయిన రోజు సంగతి చెబుతాను.

మా చెల్లెలికి తలలో గడ్డ ఉందేమోనని స్కాన్ రాశారు. అందుకు నరంలోకి ఎక్కించే మందు దాని కిడ్నీలకు పడదు. "ఈ ఒక్కసారికే. మళ్ళీ ఎక్కించడం కుదరదు" అని డాక్టరమ్మ ముందే చెప్పేసింది.

ఆ స్కాన్ సెంటర్‌లో కంప్యూటర్లు చూసేది మీ అక్కే. స్కాన్ యంత్రానికి తగిలించిన కంప్యూటర్ మహా ముసలిది, మారిస్తే యంత్రం పలకదట. అందులో చోటు తక్కువ. అందుకని బొమ్మను పెద్ద డిస్కులోకి రాసి, రాశాక ఇక్కడ చెరిపేసే ప్రోగ్రాం ఒకటి రాసింది. ఆ ప్రోగ్రాంను నడిపేదాన్ని నోడ్ అంటారట, ఇంట్లో కొత్త నోడ్‌లో చక్కగా నడిచింది. ఇక్కడి పాత నోడ్‌లో, 'ముగిశాక చెబుతా' అని ప్రామిస్ ఇచ్చే ఫైలు పనులు లేవట, మొరాయించింది. హడావిడిలో పాత పనుల పేర్లు పెట్టి, 'అయ్యేదాకా ఆగు' అన్న మాటను అలాగే ఉంచేసింది.

చెల్లెల్ని లోపల పడుకోబెట్టారు. మందు ఎక్కింది. అప్పుడు మీ అక్క, అంతకుముందు పరీక్షకని నీళ్ళ సీసాకు స్కాన్ తీసి పంపిన బొమ్మను పెద్ద డిస్కులో తెరిచింది. ఖాళీ. యంత్రంలో వెతికితే అక్కడా లేదు.

"అన్నా, పంపే బటన్ నొక్కకు!" అని టెక్నీషియన్ మీద అరిచింది.

"నొక్కకపోతే ఎలా తల్లీ? చోటు నిండిపోతోంది, బయట జనం నన్ను తింటున్నారు."

"ఏమైందే?" అన్నాను.

"అమ్మమ్మా, ఈ పాత పద్ధతి పని మొదలుపెట్టి ఊరుకుంటుంది, 'ఆగు' అన్నా ఆగదు. అయ్యాక పిలవమని దీనికి విడిగా చెప్పాలి. నేను చెప్పలేదు. రాయడం అవ్వకముందే చెరిపేసింది."

"అది నోరెత్తలేదా?"

"ఏదో హెచ్చరిక పెట్టింది. నేనే చూళ్ళేదు."

వేళ్ళు వణుకుతుంటే కొట్టిందే మళ్ళీ కొట్టింది. పాత పనికి ప్రామిసిఫై అని తొడుగు వేస్తే, ముగిశాకే ముగిసిందంటుందట, చెడితే చెడిందంటుందట. ఇంకో బొమ్మతో చూసింది, నిక్షేపంగా వచ్చింది. అయినా గుండె నిలవక ప్రోగ్రాంలో చెరిపే వరుస తీసేసింది.

"మరి తర్వాతి వాళ్ళవి నా నెత్తిన పెట్టుకోనా?" అన్నాడు టెక్నీషియన్.

"డాక్టరమ్మ తెరిచి చూసేదాకా ఎవర్నీ పడుకోబెట్టకు. తిడితే నన్ను తిట్టమను."

అతను సణుగుతూనే బటన్ నొక్కాడు. డాక్టరమ్మ చూసి చెప్పాలి, ఫోను మోగదు. చివరికి మోగింది. "మొత్తం వచ్చింది. గడ్డ చిన్నదే, తీసేయొచ్చు" అంది డాక్టరమ్మ.

చెల్లెలు గోడ పట్టుకుని బయటికొచ్చింది. "ఏంటే ఆ మొహాలు? లోపల పడుకుంది నేనా, మీరా?"

మీ అక్క నవ్వలేదు. ముందు ఆ బొమ్మను పెద్ద డిస్కులో తనే తెరిచి చూసుకుంది. ఆ తర్వాతే యంత్రంలోది తన చేత్తో చెరిపింది.

గుర్తుంచుకో నాన్నా. రేపు నీ పిల్లలకు చెప్పేటప్పుడు టెక్నీషియన్ సణుగుడు కూడా కలిపి చెప్పు. మీ అక్క వేళ్ళు వణికిన సంగతి మాత్రం అస్సలు వదలకు.