కరకరలాడే కూరలు

కుర్చీలు, బల్లలు తయారుచేసే ఆ కార్ఖానాలో నలభై మందికి మధ్యాహ్నం భోజనం వండేది ఒక్క మనిషి. అందరూ ఆమెను వంటక్క అనేవారు. పదిహేనేళ్ళుగా పొయ్యి దగ్గర ఆమె మాటకు ఎదురులేదు. అలాంటిది ఓ సోమవారం పొద్దున్నే మేనేజరు వంటగది గుమ్మంలో నిలబడి, "ఇవాళ్టి నుంచి ఉప్పు, నూనె బంద్. అన్నీ ఉడకబెట్టి పెట్టండి" అన్నాడు.

అంతకుముందు వారం నర్సు వచ్చి అందరికీ బీపీ చూసి వెళ్ళింది. పదకొండు మందికి ఎక్కువగా ఉందని తేలింది. అందరికంటే ఎక్కువ పెద్దమేస్త్రికి; డాక్టరు ఆయనకు మాత్రలు కూడా రాశాడు. ఆయన వంటక్కకు స్వయానా అక్క మొగుడు.

వంటక్క చెప్పినట్టే చేసింది. బీన్స్, క్యాబేజీ, గుమ్మడికాయ ముక్కలు మెత్తగా ఉడికి బల్ల మీదికి వచ్చాయి. పెద్దమేస్త్రి చెంచాతో ఓసారి కెలికి మూతి ముడిచాడు.

"ఏమే మరదలా, ఇది మనుషులు తినేదేనా?"

"తిని చెప్పు బావా."

"చూస్తేనే కడుపు నిండిపోయింది" అంటూ లేచాడు. ఆయన వెనకే సగం మంది రోడ్డు దాటి, వేపుళ్ళు అమ్మే బండి దగ్గరికి పోయారు. ఇక్కడ చెత్తబుట్ట నిండిపోయింది.

వంటక్కకు ఒళ్ళు మండింది. అయినా ముందు తనే ఒక చెంచాడు నోట్లో వేసుకుని చూసింది. మింగడానికి నీళ్ళు తాగాల్సి వచ్చింది. చేతులు తుడుచుకుని నేరుగా మేనేజరు గదికి వెళ్ళింది.

"అయ్యా, మీరు చెప్పింది మంచికే. కానీ ఇలాగైతే చెత్తబుట్టకు బీపీ తగ్గుతుంది గానీ మనుషులకు తగ్గదు. నాకు మూడు వారాలు వదిలెయ్యండి."

"మూడు వారాల్లో ఏం చేస్తారు?"

"అడుగుతాను."

"ఎవర్ని?"

"తినేవాళ్ళని. ఇన్నాళ్ళూ వండాను గానీ, ఎవరికి ఏది ఎందుకు గిట్టదో ఒక్కసారీ అడగలేదు."

ఆ ధీమా చూసి మేనేజరు కాదనలేకపోయాడు.

మర్నాడు వంటగదిలో సొరుగు ఇరుక్కుపోతే బావను పిలిచింది. ఆయన సొరుగు అంచుకు చిత్రిక పడుతూ, కబుర్లు చెబుతూ, పక్కన తరిగి పెట్టిన క్యారెట్ ముక్కలు ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటున్నాడు. కరకరా చప్పుడు. చూస్తుండగానే గిన్నె సగం ఖాళీ.

"నిన్న కూరలు చూస్తేనే కడుపు నిండిపోయిందన్నావుగా బావా?"

ఆయన నమలడం ఆపి గిన్నెలోకి చూశాడు. దొంగ దొరికిపోయినట్టు నవ్వాడు.

"మెత్తగా ఉంటే గిట్టదే. చిన్నప్పుడు జబ్బుచేసి మూడు నెలలు మంచాన పడ్డాను. పూటపూటకీ అన్నీ మెదిపి, ముక్కు మూసి మింగించేవాళ్ళు. ఇప్పటికీ మెత్తటిది నాలిక్కి తగిలితే ఆ మంచమే గుర్తొస్తుంది."

పాతికేళ్ళ బంధుత్వంలో ఈ మాట అక్క కూడా ఎన్నడూ చెప్పలేదు. బహుశా ఆమెకూ తెలియదేమో.

ఆ రోజు వంటక్క కూరగాయల్ని నీళ్ళలో వెయ్యలేదు. ట్రేకు రెండు చెంచాల నూనె, వెల్లుల్లి, మిరియాలు పట్టించి, అంచులు ఎర్రబడేదాకా ఓవెన్‌లో కాల్చింది. రంగులు వేసే అమ్మాయి ఆకుకూర పచ్చిగా ఇష్టమంది కాబట్టి అది విడిగా పెట్టింది. కారం పడనివాళ్ళకు ఇంకో ట్రే. అందరూ కూర్చున్నాక గరిటెతో బల్ల మీద కొట్టి, "వినండి, ఉప్పు తగ్గించాను. దాచేదేం లేదు. చప్పగా అనిపిస్తే నిమ్మచెక్క పిండుకోండి" అని చెప్పింది.

పెద్దమేస్త్రి ఒక ముక్క కొరికాడు. ఇంకోటి కొరికాడు. "ఇది నిన్నటి బీన్సేనా?" అంటూ పళ్ళెం మళ్ళీ ముందుకు జరిపాడు.

నాలుగో రోజున మాత్రం అలిగాడు. "అన్నీ బాగున్నాయి గానీ, ఉప్పు లేక నాలుక చచ్చిపోతోందే."

"పదిహేనేళ్ళు నా ఉప్పు తిన్నావు. పది రోజులు నా మాట వినలేవా బావా?"

బల్లంతా గొల్లుమంది. ఆయన నిమ్మచెక్క అందుకున్నాడు. మూడో వారానికి రోడ్డు దాటేవాళ్ళు ఇద్దరో ముగ్గురో మిగిలారు. వాళ్ళనూ వంటక్క ఏమీ అనలేదు. వారానికోసారి వేపుడు తింటే కొంపలేం మునగవని ఆమె లెక్క.

మూడు నెలల తర్వాత నర్సు మళ్ళీ వచ్చింది. పదకొండు మందిలో ఏడుగురికి బీపీ తగ్గింది. పెద్దమేస్త్రికి కూడా. "అయితే మాత్రలు మానేయనా?" అని ఆయన హుషారుగా అడిగితే, నర్సు నోరు తెరిచేలోపే వంటక్క, "డాక్టరు చెప్పేదాకా నోరు మూసుకుని వేసుకో" అంది.

ఆ ఆదివారం అక్క విసవిసా ఇంటికొచ్చింది.

"ఏం మందు పెట్టావే మీ బావకి? పాతికేళ్ళుగా నోరెత్తని మనిషి, నిన్న నా కూరకి వంక పెట్టాడు. మెత్తబడిపోయిందట!"

వంటక్క పకపకా నవ్వి, అక్క చేతికి కత్తిపీట అందించింది. "కూర్చో. ముందు ఈ క్యారెట్లు తరుగు. మరీ సన్నగా వద్దు."