అరచేయి ఆపిన అనుపల్లవి

శరదారంభమున వెలిమబ్బు తునియలు భీమునిపట్టణపు సముద్రముపై నీడలు జార్చుచు సాగిపోవుచుండగా లేయెండ సోకిన యిసుకతిన్నెలు పసిడివన్నె దాల్చుచుండగా తరంగఘోష యెడతెగని శ్రుతియై వీథులన్నిట నిండియుండెను. అవ్వేళ పొరుగుపట్టణపు సంగీతసభనుండి బంట్రోతొకడు జాబు గొనివచ్చి వాకిట నిలిచి పిలువగా, క్షౌరమునకై యొకచెక్కిట సబ్బునురుగు పూసికొనియున్న నరహరి యట్లే పరుగిడి దానిని విప్పి చదివి పట్టరాని సంతోషమున గంతువైచెను.

“హైమా! రేపు సాయంత్రం పాడవలసిన విద్వాంసుడికి జ్వరమట. ఆ కచేరీ నిన్ను చెయ్యమంటున్నారు!”

“ముందు ఆ నురుగు తుడుచుకోండి. పాపం, బంట్రోతు మిమ్మల్ని చూసి జడుసుకున్నాడు” అని పెండ్లియై మూడుమాసములు నిండని యా నవోఢ పకపక నవ్వెను. కాని జాబు తుదివాక్యము చదువునంతలో నా నవ్వు మోముననే యడగిపోయెను. స్వర్గస్థులైన విశ్వపతిశాస్త్రిగారి తంబురా యామె శ్రుతికై సిద్ధముగ నుండునని యందు వ్రాసియుండెను.

ఆఱేండ్లక్రిందట నా సభామందిరముననే పదునేనేండ్ల హైమవతి శాస్త్రిగారి శిష్యురాలగుటకై యాయనయెదుట పరీక్షకు గూర్చుండెను. ప్రతి కచేరియు నొకే దేవీకీర్తనతో నారంభించుట యా సభాచారమగుటచే పరీక్షయు దానితోనే జరుగుచుండెను. అనర్హులని తోచినవారిని శాస్త్రిగారు మాటాడి నొప్పించువారు కారు. మ్రోగుచున్న తంబురా తంత్రులపై మెల్లగ నరచేయి మోపి శ్రుతి నాపుచుండెడివారు. అదియే తీర్పు. హైమవతి పల్లవి ముగించి, కీర్తనమున రెండవభాగమగు ననుపల్లవి నందుకొనుటకై యూపిరి పీల్చిన క్షణమున నా ముడుతలుపడిన చేయి తంత్రులపై వాలెను.

ఆమె గానమును విడువలేదు. వేఱొక గురువు నాశ్రయించి భజనమందిరముల, వివాహవేదికల, చిన్నచిన్న సభల పాడి పాడి పేరు గాంచెను. అయినను ఆ కీర్తన నెన్నడెత్తుకొన్నను సరిగా నాయూపిరికడనే యామె చెవులకు శ్రుతి చచ్చిపోవుచుండెను.

జాబు నట్లే యొడిలో నుంచుకొని హైమవతి తంబురా దీసికొని పాడ మొదలిడెను. పల్లవి ముగిసెను. ఊపిరి పీల్చెను. ఇల్లంతయు నొక్కసారిగ మూగవోయినట్లయ్యెను.

“ఆగిపోయింది. విన్నారా?”

నరహరి చెక్కిట నురుగెండి చారలుకట్టియుండెను. “లేదు హైమా. నీ వేళ్లు మీటుతూనే ఉన్నాయి. అది మోగుతూనే ఉంది. శాస్త్రిగారు పోయి ఏడాదైంది కదా!”

“మనిషి పోయారు. చెయ్యి పోలేదండీ.”

సముద్రపుగాలి కిటికీతలుపు నొకమాఱు కదల్చి విడిచెను. ఆమె దెస జూడలేక నరహరి పరిహాసమునకు దిగెను. “అయితే రేపు తంబురా నేనే పట్టుకుంటాను. ఆ చెయ్యి వచ్చిందో, వేళ్లు కొరికేస్తాను.”

“మీరు మీటితే ఆ అపశ్రుతి భరించలేక శాస్త్రిగారు నిజంగానే లేచి వస్తారు!”

ఇరువురును నవ్విరి. నవ్వు తగ్గినపిమ్మట నామె మరల తంత్రులను మీటెను. పిదప నెన్నడు చేయని పనిగ, మ్రోగుచున్న తంత్రులపై దన యరచేతిని దానే మోపెను. గదిలో శ్రుతి యాగెను. వెలుపల సముద్రము మాత్ర మాగలేదు. ఆ ఘోషనే యాధారముగ గొని యామె కన్నులు మూసి, యాఱేండ్లుగ గొంతున జిక్కియున్న యనుపల్లవి తొలిపలుకును మెల్లగ నెత్తుకొనెను. అది పలికెను.

“ఏవండీ, అనుపల్లవితో కీర్తన ఎత్తుకునే పద్ధతి పెద్ద విద్వాంసులకి ఉన్నదేగా. రేపు పల్లవి తరవాత పాడతాను. ఆయన ఎక్కడ ఆపారో అక్కడే మొదలుపెడతాను.”

“ఆయన తంబురాతోనే?”

“ఆయన తంబురాతోనే. పొద్దున్న తొమ్మిదింటి బస్సుకి బయలుదేరదాం.”