గన్‌ఫౌండ్రీలో ఏకాంబర్

పెళ్లయిన కొత్తలోనే సుగుణమణికి, ఎర్నెస్ట్‌కి ఇద్దరికీ కలిసిన ఒకే ఒక్క పిచ్చి ఏకాంబర్ నవలలు. చట్టానికి చిక్కని దుర్మార్గుల్ని వెతికి పట్టుకుని తన చేత్తో శిక్షించే ఆ ఏకాంబర్ కథలు, వయసు డెబ్బై దాటినా వాళ్లకు మొహం మొత్తలేదు. ఆదివారం ఆరాధన ముగియగానే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీది పుస్తకాల గుట్టల్లో దొరకని భాగాలు వెతికేవారు. నాంపల్లి ఇంటికొచ్చాక ఆమె కూర తరుగుతుంటే ఆయన పైకి చదివేవాడు. ఎముకలు విరిగే ఘట్టం వచ్చిందంటే, "జర మెల్లగ చదువుండ్రి, మజా పోతది" అనేది సుగుణమణి. అదే ఆవిడ సండే స్కూల్లో పిల్లలకు క్షమాపణ గురించి చెప్పేది.

పోయినేడు చిరాగ్ అలీ లేన్ దగ్గర ఎదురుదారిలో వచ్చిన బైకు ఒకటి ఆమెను పడేసి, ఆగకుండా పోయింది. కాలిలో రాడ్డు వేశారు. బండి జితేందర్ అనే కుర్రాడిది, గన్‌ఫౌండ్రీలో ఫోన్లు బాగుచేసే దుకాణం వాడిది. బండి నాదే గానీ నడిపింది నేను కాదన్నాడు. కేసు వాయిదాల మీద నడుస్తోంది. కోర్టుకు వచ్చినప్పుడల్లా వాడు ఫోన్ చూసుకుంటూ నిలబడేవాడు తప్ప వీళ్లవైపు ఒక్కసారైనా తలెత్తి చూడలేదు.

ఎర్నెస్ట్ పైకి చదవడం మానేశాడు. మధ్యాహ్నాలు ఎటో పోయి వస్తున్నాడు. ఒకరోజు కంచం ముందు కూర్చుని, "తిండి యాళ్లకు దుకాణంల ఒక్కడే ఉంటడు" అన్నాడు.

"ఎవరు?"

"ఎవరో ఒకరు. పప్పు వెయ్యి."

పప్పు వేస్తూ ఆమె గరిటె ఆపింది. శిక్షించే ముందు ఏకాంబర్ కూడా మనిషిని ఇలాగే కనిపెడతాడు.

ఆ గురువారం అల్లం దంచబోతే ఇనుప రోకలి కనిపించలేదు. విప్పని కారం పొట్లం కూడా లేదు. చేసి చూస్తే ఎర్నెస్ట్ ఫోన్ మంచం మీదే మోగింది. సుగుణమణి చేతికర్ర అందుకుని, చెప్పులు సరిగా తొడక్కుండానే గన్‌ఫౌండ్రీకి ఆటో ఎక్కింది. ఆబిడ్స్‌లో బండ్లు కదలడం లేదు. "జల్దీ పో నాయనా" అని తొందరపెట్టింది. ప్రార్థన చేద్దామంటే మాటలు కుదరలేదు. భర్త చెయ్యెత్తినట్టు, వాడు కూలిపోయినట్టు కళ్ల ముందు కదిలింది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆ బొమ్మ ఆమెకు హాయిగా అనిపించింది.

దుకాణం ముందు నలుగురు మూగి ఉన్నారు. జనాన్ని తోసుకుని వెళ్లింది. ఎర్నెస్ట్ స్టూలు మీద గోడకానుకుని ఉన్నాడు, అంగీ తడిసిపోయింది. జితేందర్ అట్టముక్కతో విసురుతున్నాడు. వాడి రెండో చేతిలో ఎర్నెస్ట్ సంచీ ఉంది.

"మీ ఆయనేనా ఆంటీ? కండ్లు తిరిగి పడ్డడు. నీళ్లు తాపిన. ఏంది, గీ సంచి గింత బరువుంది?"

"అల్లం దంచేది" అంది సుగుణమణి. అబద్ధం కూడా కాదు.

వాడు సంచీలోకి తొంగి చూశాడు. తల ఎత్తి ఆమెను చూశాడు. చేతికర్రను, వంకరగా పడుతున్న కాలును చూశాడు. విసురుతున్న చెయ్యి ఆగిపోయింది. సంచీ ఆమెకిచ్చి లోపలికెళ్లిపోయాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఎర్నెస్ట్ ముఖం కప్పుకున్నాడు. "వాడు నన్ను గుర్తువట్టలే సుగుణా. నీళ్లిచ్చిండు. నేను తాగిన."

వాయిదా వచ్చేదాకా ఆమెకు కునుకు లేదు. వాడు పోలీసులకు చెప్పి ఉంటే? తలుపు చప్పుడైతే చాలు, కిటికీలోంచి తొంగి చూసేది. ఎవరూ రాలేదు.

కోర్టులో పేరు పిలవగానే జితేందర్ వాళ్ల వకీలు లేవబోయాడు. వాడే ముందు మాట్లాడాడు.

"బండి నడిపింది నేనే సార్."

గట్టిగా చెప్పమన్నారు. మళ్లీ చెప్పాడు. ఆ తర్వాత సుగుణమణికి సరిగా వినిపించలేదు. బయటికొచ్చాక వాడు ఆమె ముందు నిలబడి, "కండ్ల ముంగట చీకటి పడ్డట్టయింది ఆంటీ ఆ రోజు, భయమై ఉరికిన" అని తల వంచుకుని వెళ్లిపోయాడు. వాడు ఏం చూసి ఒప్పుకున్నాడో ఆమెకు తెలుసనిపించింది. ఆ రోజు వాడి చూపు సంచీలోంచి లేచి ఎక్కడ ఆగిందో ఆమె చూసింది.

ఎర్నెస్ట్ మాత్రం మెట్లు దిగుతూ చాన్నాళ్లకు ఈల వేశాడు.

"చూసినవా? రోకలి జూసి వణికిండు. భయం పెట్టందే ఎవ్వడు దారికి రాడు."

"రోకలి కాదు. నా కాలు జూసి చెప్పిండు."

"నీకు తెల్వది ఊకో." ఆయన కళ్లు మెరుస్తున్నాయి. "ఇగ మన గల్లీల నీళ్ల ట్యాంకరోడున్నడు గద, ముసలోళ్ల దగ్గర డబుల్ గుంజుతడు. వాడు మధ్యాహ్నం ఏడ తింటడో..."

సుగుణమణి ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. రోడ్డు దాటేదాకా వదల్లేదు, దాటాక కూడా వదల్లేదు.