నూటికి నలుగురు

మా ఆయన వాతావరణ కార్యాలయంలో పనిచేస్తారు. అక్కడొక పద్ధతి ఉంది. వాన పడే అవకాశం నూటికి అయిదు కంటే తక్కువైతే, "వాన లేదు" అని ప్రకటించేస్తారు. చిల్లర అంకెలతో జనాన్ని విసిగించకూడదట. జీతం నెలకొకసారే ఇంటికొస్తుంది గానీ, ఈ అలవాటు మాత్రం రోజూ వస్తుంది.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర అమ్మాయి తను కలలు కంటున్న యూనివర్సిటీ సంగతి ఎత్తింది. దరఖాస్తు పంపడానికి ఆ సాయంత్రమే గడువు.

"వందమంది అడిగితే నలుగురికే సీటిస్తారట నాన్నా."

"నలుగురికేనా? అయితే రాదు" అన్నారాయన, చెయ్యి కడుక్కుంటూ, బులెటిన్ చదివినంత ప్రశాంతంగా.

ఆయన చెబితే తప్ప గొడుగు ముట్టని పిల్ల. లాప్‌టాప్ మూసేసి డాబా ఎక్కింది.

కాసేపాగి నేనూ వెళ్ళాను. పొద్దున ఆరేసిన తెల్ల దుప్పట్ల మధ్య చాప వేసుకుని పడుకుని ఉంది. గాలికి దుప్పట్లు నిండుతున్నాయి, వదులవుతున్నాయి.

"గోడలు ఊపిరి పీల్చే గదిలో ఉన్నట్టుందమ్మా."

"ఎక్కడి గది?"

"అక్కడిదే. రాదుగా, ఇక్కడే చూసుకుంటున్నా."

నేనూ పక్కన వాలాను. అంట్లు నా కోసం బెంగ పెట్టుకోవులే. నీళ్ళ ట్యాంకు నీడ దుప్పటి మీద గడియార స్తంభంలా నిలబడింది. దాని కింద ఎవరో పుస్తకాలు పట్టుకుని నడుస్తున్నట్టే అనిపించింది. ఇద్దరం కాళ్ళు ముడుచుకుని వాళ్ళకు దారిచ్చాం.

"తల్లీకూతుళ్ళు ఇక్కడున్నారా! కాఫీ సంగతి ఎవరికైనా గుర్తుందా?" అంటూ ఆయన వచ్చారు.

"ఏమండీ, మీరు వాన లేదన్న రోజున నా దుప్పట్లు ఎప్పుడూ తడవలేదా?"

"ఎందుకు తడవవు? పైకి సున్నా అంటాం గానీ లెక్కలో నాలుగు నాలుగేనే. ఆ నాలుగూ ఎక్కడో అక్కడ పడి తీరాలి..." అని ఆగిపోయారు.

దుప్పటి పక్కకు జరిగి అమ్మాయి మొహం కనిపించింది. "మరి నాకు సున్నా ఎందుకు చెప్పావు నాన్నా?"

"అలవాటమ్మా." గొంతు తగ్గింది. "పంపేశావా?"

"లేదు."

"ఇంకా పడుకున్నావేం మరి? లే, లే!"

లాప్‌టాప్ పైకి తెచ్చుకుని, చాప మీదే కూర్చుని పంపేసింది. ఆకాశంలో ఏమీ జరగలేదు. ఆయన మాత్రం చెప్పులు విడిచి చాప అంచున సర్దుకున్నారు.

"హాస్టల్ గది కిటికీ ఎటు వైపట?"

"నాకేం తెలుసు? పడమర అనుకో."

"అయితే మంచం అటు వెయ్యకు. సాయంత్రం ఎండ మొహాన కొడుతుంది. తలుపు పక్కన వేసుకో."

"అక్కడ నా బీరువా ఉంటుంది నాన్నా."

"బీరువా జరుపు."

"జరపను."

రాని సీటుకు, లేని గదిలో, ఇద్దరూ బీరువాను చెరో వైపుకు లాగుతున్నారు. నేను అడ్డం వెళ్ళలేదు. నాకొక కుర్చీ మాత్రం వెయ్యమన్నాను, కిటికీ దగ్గరే. చూడ్డానికి వస్తే నిలబడే ఉండాలా ఏం?