చెరిపినవాళ్ల సాక్ష్యం

ఆ పొద్దున కత్తెరక్క సీట్లో కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకోగానే మొట్టమొదట విన్నది ఒక మనిషి గొంతు. మనిషి కనబడలేదు. తెర మీద దుమ్ము వెనక కూలిపోయిన వంతెన ఉంది, విరిగిన స్తంభం పక్కన పెద్ద గొయ్యి ఉంది, గొయ్యి అంచున కాంక్రీటు లారీ ఉంది. లారీ గొట్టంలోంచి తడి కాంక్రీటు గోతిలోకి దిగుతోంది. గొంతు ఆ గోతి అడుగునుంచి వస్తోంది.

"పోయొద్దయ్యా. మేం బతికే ఉన్నాం. నేను ఇనుము కట్టేవాణ్ణి. నాతో ఇంకో ముగ్గురున్నారు. స్తంభానికి ఎడమపక్కనున్నాం. పోయొద్దని చెప్పండయ్యా."

తెల్ల హెల్మెట్ పెట్టుకున్నవాడు చెయ్యూపి, కానివ్వమన్నాడు. కాసేపటికి గొంతు ఆగింది. కాంక్రీటు ఆగలేదు.

ఆ వీడియో తీసినవాడు కాంక్రీటుకు నీళ్లు కొట్టే కూలీ. వంతెన కూలిన సాయంత్రమే తీశాడు, భయపడి దాచుకున్నాడు, తీరా పనిలోంచి తీసేశాక తెగించి లోకం మీదికి వదిలాడు. అప్పటికి కాంక్రీటు గట్టిపడింది. గోతిలో ఉన్నవాళ్లను ఇక ఎవరూ కాపాడలేరు. ఈలోగా ప్రభుత్వం, వంతెన కూలిందిగానీ ఎవరికీ చీమ కూడా కుట్టలేదని ప్రకటించేసింది. కనబడకుండా పోయిన నలుగురు కూలీలు ఇనుము దొంగిలించి పారిపోయారని కాంట్రాక్టరు కేసు పెట్టాడు. పోలీసులు వాళ్ల పాకలు సోదా చేసి, వంట గిన్నెలు రోడ్డు మీద పారేసి పోయారు. ఇప్పుడీ వీడియో పచ్చి అబద్ధమనీ, వెంటనే తీసెయ్యాలనీ పైనుంచి ఎర్రగుర్తుతో ఉత్తర్వు వచ్చింది.

తీసేసేవాళ్లు ఈ హాలులోనే ఉన్నారు. బయట బోర్డు లేని మేడ అది. దేశంలో జనం ఫోన్లలో పెట్టిన ఏడుపులూ, తిట్లూ, పాటలూ, నినాదాలూ అన్నీ ఇక్కడికి వచ్చి వరసలో నిలబడతాయి. మిషనుకు మన భాష రాదు. బిడ్డ పోయిన తల్లి శాపానికీ రౌడీ బెదిరింపుకీ దానికి తేడా తెలియదు. అందుకని మనుషుల్ని పెట్టారు. కంపెనీ ఎక్కడో సముద్రం అవతల ఉంటుంది, దాని కాంట్రాక్టరు ఇక్కడ ఉంటాడు, ఇద్దరి మెడ మీదా ప్రభుత్వం చెయ్యి ఉంటుంది. ఇక్కడ చూసింది బయట చెబితే జైలే అని చేరేటప్పుడే రాయించుకున్నారు. కత్తెరక్క ఏం పని చేస్తుందో లిఫ్టులు బాగుచేసే ఆమె భర్తకే సరిగ్గా తెలియదు. కంప్యూటరు పని అని అందరికీ చెప్పుకుంటాడు.

ఆమె ఇదివరకు చొక్కాల ఫ్యాక్టరీలో గుడ్డ కోసేది. అది మూతపడ్డాక ఇక్కడ చేరింది. ఇక్కడా హాలు మొత్తానికి ఆమె చెయ్యే వేగం. దుమ్మో రక్తమో తెర మీద కనబడీ కనబడకముందే వేలు మీట మీద పడేది. పాత పనీ కొత్త పనీ కలిసి ఆ పేరు అలా స్థిరపడిపోయింది.

ప్రతి వీడియోనీ ఇద్దరు చూడాలి. ఇద్దరూ తీసెయ్యమంటే పోతుంది. అదొక్కటే కాదు, దాని కాపీలు ఎవరి ఖాతాలో ఉన్నా మిషను వెతికి వెతికి చెరిపేస్తుంది. ఇద్దరికీ కుదరకపోతే పైకి, షిఫ్టు సారు దగ్గరికి పోతుంది, తేలేదాకా లోకంలో తిరుగుతూనే ఉంటుంది. కత్తెరక్కకు జత మాస్టారు. తరగతిలో ఏదో నిజం చెప్పినందుకు బడిలోంచి గెంటించుకున్న మనిషి. ఆ పొద్దున ఆమె అలవాటు చొప్పున తీసెయ్ అని నొక్కింది. మాస్టారు ఉంచు అని నొక్కి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

షిఫ్టు సారు నీళ్లు నమిలాడు. ఉంచితే ప్రభుత్వం ఊరుకోదు, తీసేశాక రేపు నిజమని తేలితే కంపెనీ తన పీకే పట్టుకుంటుంది. అందుకని దాన్ని ఇంకో జతకు పంపాడు.

మధ్యాహ్నానికి ఒకామె వచ్చి గేటు దగ్గర కూర్చుంది. ఇనుము కట్టేవాడి భార్య. మాయమయ్యేవన్నీ ఈ మేడలోనే మాయమవుతాయని టీకొట్టువాడు చెప్పాడట. వాచ్‌మన్ అదిలిస్తే నాలుగడుగులు వెనక్కి పోయేది, మళ్లీ వచ్చేది. టీకి దిగిన కత్తెరక్క ఆమెకు ఎదురుపడింది.

"అక్కా, మా ఆయన గొంతు మీ దగ్గరుందంటగా. పక్క పాకామె ఫోన్లో ఒక్కసారే విన్నా. ఆయన దొంగ కాదని చెప్పడానికి నా దగ్గర ఇంకేం లేదు. దాన్ని తీసెయ్యకండి."

అలాంటివేవీ ఇక్కడ లేవని కత్తెరక్క చెప్పింది. అబద్ధమాడటం ఆమెకు కొత్తకాదు. అయినా మెట్లెక్కుతుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

చేతులు కడుక్కునే తొట్టి దగ్గర కెమెరా లేదు. హాలులో జనం ఏం మాట్లాడుకోవాలన్నా అక్కడే. ఆ పూట కుళాయిలు తిప్పి ఆ హోరులో వాదించుకున్నారు. మనకెందుకు, జీతానికి వచ్చాం, కోసేవాళ్లం కోద్దాం అన్నాడు ఈమధ్యే పెళ్లయిన కుర్రాడు. తప్పేముంది, వాడికి పెళ్లాం ఉంది, అద్దె ఉంది. మాస్టారు వాడి మీద ఒంటికాలి మీద లేచాడు. "మొన్న మీ అన్న లాకౌట్ మీద రాసింది ఎవరు తీశార్రా? నేనే తీశాను. అప్పుడు నీకు చెప్పలేకపోయాను" అన్నాడు. కుర్రాడి ముఖం మాడిపోయింది.

ఉపాయం చెప్పింది రేడియో. నోరు మూతపడని పిల్ల కాబట్టి ఆ పేరు. "వీళ్లకి కావాల్సింది మన ఇద్దరి మాటా ఒకటవ్వడం. అదే ఇవ్వొద్దు. ప్రతి జతలో కిటికీ వైపు కూర్చున్నవాళ్లు ఉంచమనాలి, గోడ వైపువాళ్లు తీసెయ్యమనాలి. ఎవరం ఎదురు తిరిగినట్టు కాదు. కుదరట్లేదు, అంతే."

కుదరకపోవడం మా ఇంట్లో రోజూ ఉన్నదే, నాకు నేర్పక్కర్లేదు అంది కత్తెరక్క. అందరూ నవ్వారు. ఆ నవ్వుతో హాలు ఒక్కటైంది. కోతపెట్టే పనివాళ్లు కోత ఆపడం ఆ మేడలో అదే మొదటిసారి.

కొన్నాళ్లు పని చేసింది. ఇనుపకూలీ గొంతు జతనుంచి జతకు తిరుగుతూ, ఎక్కడా తేలక, లోకం మీద తిరుగుతూనే ఉంది. బస్సుల్లో విన్నారు, కాలేజీల్లో విన్నారు. వంతెన కూలీలు పనిముట్లు కింద పెట్టి, మా వాళ్లేరని అడిగారు. గేటు దగ్గర కూర్చున్నామెకు ఎవరో గొడుగు తెచ్చిచ్చారు. కత్తెరక్క ఆమె పక్కనుంచి పోతూ ఏమీ చెప్పకపోయినా తల ఊపేది. ఆమెకు అర్థమయ్యేది.

ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చుంటుందా? ఒక ఆఫీసరును తెచ్చి హాలు మధ్యలో కుర్చీ వేసింది. ఆయన ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. వరస వేగం పెంచమన్నాడు, అంతే. అంతవరకూ వీడియోని పూర్తిగా చూసే తీరిక ఉండేది. ఇప్పుడు తెర మీదికి వచ్చినవి వచ్చినట్టు పోవాలి. మెడలు పట్టేశాయి, కళ్లలో నీళ్లు కారాయి. అయినా కిటికీ వైపువాళ్లు వీడియో మీది ఎర్రగుర్తు కనిపెట్టి ఉంచుతూనే వచ్చారు. అప్పుడు ఆఫీసరు ఎర్రగుర్తు కూడా తీసేయించాడు.

ఆ సాయంత్రం ఒక కారు ప్రమాదం, ఒక కత్తిపోటు, ఒక కుక్కను కొట్టి చంపడం, వరసగా వచ్చాయి. కిటికీ వైపున్న కత్తెరక్క వేలు వాటితో పాటు పోతూనే ఉంది. తరువాతది మొదట్లో ఉత్త దుమ్ము. దుమ్ము కనబడగానే వేలు పడింది. వేలు పడ్డాక చెవిలో గొంతు వినిపించింది. పోయొద్దయ్యా. గోడ వైపున్న మాస్టారు అప్పటికే ఒప్పందం ప్రకారం తీసెయ్ అని నొక్కేశాడు.

ఇద్దరి మాటా ఒకటైంది. మిషను తన పని తాను చేసుకుపోయింది. బస్సుల్లో, కాలేజీల్లో, పాకల్లో, ఎవరి ఫోన్లో తెరిచినా అది లేదు. నీళ్లు కొట్టే కూలీ ఫోను ఏనాడో పోలీసులు లాక్కుపోయారు. ఆఫీసరు కుర్చీలోంచి లేచి, షిఫ్టు సారుతో చెయ్యి కలిపి వెళ్లిపోయాడు.

తొట్టి దగ్గర కత్తెరక్క ఏదీ దాచలేదు. నా చెయ్యే అంది. అమ్ముడుపోయావని కుర్రాడు ముఖం మీదే అన్నాడు. ఆమె కాదనలేదు, కాదనడానికి ఏం సాక్ష్యముంది? మాస్టారు గోడకు ఆనుకుని, "మనకి అంటగట్టిన అలవాటే వాళ్లకి ఆయుధమైంది. నువ్వు కాకపోతే నేనే నొక్కేవాణ్ణి" అన్నాడు. అది ఓదార్పు కాదు, నిజం. అయినా ఆమెకు కన్నీళ్లు ఆగలేదు.

కన్నీళ్లు తుడుచుకుని ఆమె తిన్నగా మెట్లు దిగింది. గేటు దాటి, గొడుగు కింద ఉన్నామె ముందు చతికిలబడింది. నీ మొగుడి గొంతు నేనే చెరిపేశానమ్మా అని చెప్పింది. ఆమె కొట్టలేదు, తిట్టలేదు. గుడ్లప్పగించి చూసింది.

"గొంతు పోయింది. మాటలు నాకు తెలుసు. చెప్పనా?" అంది కత్తెరక్క.

చెప్పింది. ఒక్క మాట వదలకుండా చెప్పింది. ఇనుపకూలీ భార్య మళ్లీ చెప్పమంది, మళ్లీ చెప్పింది. మిగతావాళ్లు ఎప్పుడు దిగి వచ్చారో, మాస్టారు వెనక నిలబడి తెల్ల హెల్మెట్ సంగతి చెప్పాడు. రేడియో విరిగిన స్తంభం ఎలా ఉందో, గొయ్యి ఎటువైపుందో చెప్పింది. చివరికి కుర్రాడు కూడా దిగి వచ్చి లారీ మీదున్న కాంట్రాక్టరు పేరు చెప్పాడు. చెరపడం కోసం వాళ్లందరికీ ఆ వీడియోని చూపించింది ప్రభుత్వమే. దేశంలో దాన్ని అన్నిసార్లు చూసినవాళ్లు ఇంకెవరూ లేరు. గేటు ముందు జనం మూగారు. ఇనుపకూలీ భార్య లేచి నిలబడి, "అయితే పగలగొట్టి చూద్దాం పదండి" అంది.

మర్నాడు పొద్దున్నే గునపాలు పట్టుకుని వంతెన కూలీలు, ఉత్త చేతులతో హాలువాళ్లు, విరిగిన స్తంభం ఎడమపక్కకు చేరారు. గునపం దెబ్బకు కాంక్రీటు పెచ్చులూడిందే తప్ప పగుల్లేదు. జానెడు లోతు కూడా దిగకముందే పోలీసు వ్యాన్లు వచ్చాయి. లాఠీలు లేచాయి. మాస్టారి తల పగిలింది. ఇన్‌స్పెక్టరు కత్తెరక్కను ముందుకు లాగి, ఏదీ ఆ వీడియో అని అడిగాడు.

"నేనే చెరిపేశాను."

"చెరిపేశాక, ఉందని ఎలా చెప్తావ్?"

"చెరపాలంటే చూడాలి కదా సారూ."

అబద్ధాలు ప్రచారం చేస్తున్నారని కేసు పెట్టి, అందర్నీ వ్యాన్లలోకి కుక్కారు.

జైలుకు ఆమె భర్త చూడటానికి వచ్చాడు. ఇద్దరి మధ్యా ఇనుప జాలీ. వంతెన పని మళ్లీ మొదలైందనీ, వేరే ఊళ్ల కూలీల్ని తెచ్చారనీ చెప్పాడు. హాలులో కొత్తవాళ్లు కూర్చున్నారట. మాస్టారికి చూపు సరిగా ఆనడం లేదట. ఇనుపకూలీ భార్య బెయిలు మీద బయటికొచ్చేసరికి పాక లేదు, ఇప్పుడెక్కడుందో ఎవరికీ తెలియదు. కత్తెరక్క అన్నీ విని తల దించుకుంది. గెలిచామని చెప్పుకోవడానికి అందులో ఏమీ లేదు.

"ఇంకోటి," అన్నాడాయన. "మీరు పగలగొట్టిన చోట కంచె వేసి పోలీసుల్ని కాపలా పెట్టారు. బస్సుల్లో పోయేవాళ్లంతా అడుగుతున్నారు, అక్కడేం లేదన్నారుగా, మరి దేనికి కాపలా అని. నన్నూ అడిగాడు ఒకాయన."

"మీరేం చెప్పారు?"

ఆయన అటూ ఇటూ చూశాడు. ఆమె ఏం పని చేస్తుందో ఏనాడూ అడిగి ఎరుగని మనిషి. గొంతు తగ్గించాడు. "అదే, మీరు చెప్పిన అబద్ధమని కేసు కాగితంలో రాశారుగా. పోయొద్దయ్యా, మేం ఇక్కడే ఉన్నాం, నేను ఇనుము కట్టేవాణ్ణి..."

"అలా కాదు. బతికే ఉన్నాం అన్నాడు. మొదట్నుంచీ చెప్పండి."

ఆయన మొదట్నుంచీ చెప్పాడు. గట్టిగా అంది ఆమె. ఆయన గట్టిగా చెప్పాడు. పక్కన కొడుకును చూడటానికి వచ్చిన ముసలామె తన మాటలు ఆపి ఇటు తిరిగింది. కానిస్టేబులు లాఠీతో జాలీ మీద కొట్టి, టైమైపోయింది, కదలండి అన్నాడు.

"ఎవరమ్మా, బతికే ఉన్నామన్నది?" అని ముసలామె అడిగింది.

కత్తెరక్క జాలీ పట్టుకుని ఆమెకు చెప్పడం మొదలుపెట్టింది.